కుడి చెయ్యి వచ్చు, ఎడమ చెయ్యి రాదు

ఆ దేశంలో సర్కారు బడిలో పాఠం చెప్పాలంటే పాఠం చెప్పడం వస్తే చాలదు. వచ్చని రుజువు చెయ్యాలి. ఆ రుజువు మీద ఒక ముద్ర కావాలి. ఆ ముద్ర వేసినవాడు నిజంగా ముద్ర వెయ్యదగ్గవాడేనని వాడి పైవాడు ఇంకో ముద్ర వెయ్యాలి. ఇదంతా అయ్యాక ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయించి, ఈ మనిషి మీద ఏ కేసూ లేదని పోలీసుల చేత రాయించుకొస్తే, అప్పుడు వరండాలో కుర్చీ వేసి కూర్చోమంటారు. పాఠం సంగతి ఆ తర్వాత.

టీచరమ్మ ఇవన్నీ చేసింది. సొంత దేశంలో పదిహేనేళ్లకు పైగా సర్కారు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. కూరగాయల బండి దగ్గరా టీచరమ్మే, బస్సులో కండక్టరు దగ్గరా టీచరమ్మే. కట్టుకున్న మొగుడు కూడా టీచరమ్మా అనే పిలిచేవాడు, మొదట్లో వేళాకోళానికి, తర్వాత అలవాటుకొద్దీ.

మొదటి గండం బీఈడీ దగ్గర వచ్చింది. ఉద్యోగం చేస్తూనే, సెలవుల్లో క్లాసులకు పోయి దూరవిద్యలో పాసయిన బీఈడీ అది. అలాంటి చదువు తమ దగ్గర చెల్లదన్నారు ఇక్కడివాళ్లు. చెల్లాలంటే, శిక్షణలో ఎన్ని గంటలు పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పిందో విశ్వవిద్యాలయం వాళ్లు గంటల లెక్కన రాసివ్వాలట. "ఇట్లాంటి కాగితం నా సర్వీసులో ఎవరికీ ఇవ్వలేదమ్మా, ఎట్లా ఉంటదో కూడా తెలీదు," అన్నాడు అక్కడి గుమాస్తా. ఆమె భర్తకు బస్టాండు పక్కన జిరాక్స్ షాపు ఉండేది. కాగితాలతోనే బతికిన మనిషి గనక, ఆ కాగితం ఎట్లా ఉండాలో తనే టైపు చేయించి, సంతకం పెట్టేదాకా ఆ ఆఫీసు మెట్ల మీంచి లేవలేదు.

రెండో గండం ఇంటిపేరు. డిగ్రీ మీద పుట్టింటి పేరు, పాస్‌పోర్టు మీద అత్తింటి పేరు. ఈ ఇద్దరూ ఎవరని అడిగారు. ఆమే నేను, నేనే ఆమె అని నోటరీ ముందు ప్రమాణం చేసి పంపించింది. "ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకెప్పుడూ అనుమానం రాలేదు," అన్నాడు మొగుడు. ఆమె నవ్వింది. అప్పటికింకా నవ్వు వచ్చేది.

చివరికి ఉద్యోగమైతే ఇచ్చారు, తాత్కాలిక పర్మిట్టు మీద, ఒక్క విద్యా సంవత్సరానికి. సొంత బడివాళ్లను అంత పొడుగు సెలవు అడిగితే, సెలవు కుదరదు, కావాలంటే రాజీనామా ఇచ్చి వెళ్లమన్నారు. ఇచ్చేసింది. మొగుడు షాపు అమ్మేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాం. వీళ్లు దాటకముందే తగలేసుకున్నారు. ఏం చేస్తారు, అందరూ వెళ్లమనే చెప్పారు. వద్దన్నవాడు ఒక్కడుంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నారో.

ఆ సంవత్సరం లోపల ఆమె ఒక్క గండం దాటాలి. దాని పేరు పరిశీలన పాఠం. లైసెన్సు ఇచ్చే ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి తరగతిలో వెనక కూర్చుని ఒక పాఠం చూస్తుంది. బాగుందంటే లైసెన్సు చేతికొస్తుంది, ఓపికున్నన్నాళ్లు చెప్పుకోవచ్చు. లేదంటే బడి మూసేనాటికి మొగుడూ పెళ్లాం పెట్టెలు సర్దుకోవాలి. సర్దుకుని ఎక్కడికి పోవాలన్నది వాళ్లకు తెలీదు. అక్కడ ఉద్యోగం లేదు, షాపు లేదు. ముఖ్యంగా, బోర్డు ముందు నిలబడకుండా తను ఏమవుతుందో టీచరమ్మకు ఊహకు కూడా అందలేదు.

ఈ లైసెన్సుల సంగతులన్నీ ఆమెకు చెప్పింది రూల్సు మాస్టారు. మన భాషాయనే. వాళ్లుండే అపార్టుమెంటులోనే పై అంతస్తు. ఎప్పుడో వచ్చి, ఎప్పుడో లైసెన్సు సంపాదించి, ఇంకో బడిలో సైన్సు చెబుతున్నాడు. నిబంధనల పుస్తకం మొత్తం కంఠతా. మెట్ల మీద తడిగా ఉందని ఎవరైనా అంటే, ఏ నిబంధన కింద తడిగా ఉందో చెప్పగలడు. మనిషి మాత్రం మంచివాడు.

ఆమెకు ఇచ్చింది ఆరో తరగతి. ఆ గదిలో బెంచీలు లేవు. నలుగురికో బల్ల, బల్ల చుట్టూ కురచ కుర్చీలు. మూల ఒక సింకు, గోడకు కోట్లు తగిలించుకునే కొక్కేలు, కిందికి లాగితే పైకి పోయే కిటికీ తెర. టీచరు వస్తే పిల్లలు లేచి నిలబడరు. అదొక్కటే కాదు, "నాకు అర్థం కాలేదు" అనే మాట వాళ్లు దాహమేస్తోంది అన్నంత తేలిగ్గా అంటారు. అందులోనూ ఒకడున్నాడు, వాగుడుకాయ. ఆమె వాక్యం పూర్తిచెయ్యకముందే "నాకు తెలీదు టీచర్, మళ్లీ చెప్పండి" అని బల్ల మీద దరువేసేవాడు. సిగ్గా, ఎగ్గా. తన పాత బడిలో ఆ మాట అనాలంటే పిల్లలకు ప్రాణాలు పోయేవి. మొదటి నెల ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత తర్వాత, వాడు అడక్కపోతే పాఠం చప్పగా ఉండేది.

ఇంకో పిల్ల కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. పుర్రచేతి వాటం. ఎడమ చేత్తో రాస్తూ, రాసినదాని మీదే చెయ్యి ఈడ్చుకుపోవడంతో అరచేతి అంచు ఎప్పుడూ నీలంగా ఉండేది. మొదటివారం ఆ పిల్ల ఎడమ చేత్తో పుస్తకం అందిస్తే, టీచరమ్మ అలవాటుకొద్దీ "ఆ చేత్తో ఇవ్వకూడదమ్మా" అంది. పిల్ల కుడి చేతిలోకి మార్చుకోబోయి పుస్తకం జారవిడిచింది. "నా చెయ్యి ఇదే టీచర్," అంది, ఏదో ఊరి పేరు చెప్పినట్టు. ఆ సాయంత్రం టీచరమ్మ ఆ మాట మొగుడికి చెప్పి ముచ్చటపడింది. లెక్కల్లో పాదరసం ఆ పిల్ల. ఇంట్లో ఇద్దరూ ఆమెను పుర్రచేతి పిల్ల అనే చెప్పుకునేవారు.

సంవత్సరం చివరికి వస్తుండగా ఆఫీసు నుంచి కబురొచ్చింది. పరిశీలకురాలు ఫలానా రోజు వస్తుంది, పాఠం భిన్నాన్ని భిన్నంతో భాగించడం, ఆ పాఠాన్ని పిల్లలకు మొదటిసారిగా ఆవిడ ఎదుటే చెప్పాలి.

"మొదటిసారి అంటే మొదటిసారేనమ్మా," అన్నాడు రూల్సు మాస్టారు, వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని. "ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పొద్దు. పిల్లలు తప్పులు చెప్పాలి. వాటిని మీరెట్లా దిద్దుతారో ఆవిడ చూడాలి. అందరూ ఒప్పులే చెప్పారనుకోండి, ఆవిడకు చూడ్డానికేం మిగల్దు."

"పిల్లలు తప్పులు చెబితే టీచరు గొప్పదా మాస్టారూ?"

"ఇక్కడంతే."

"మీకేమండీ, గట్టెక్కి కూర్చున్నారు. లోతు లేదనే చెబుతారు."

"మాస్టారు చెప్పినట్టు చెయ్యి టీచరమ్మా," అన్నాడు మొగుడు, ఆమె మర్నాడు వేసుకోవాల్సిన బట్టలు ఇస్త్రీ చేస్తూ. ఇక్కడ పనిచెయ్యడానికి అతనికి అనుమతి లేదు. వంటా, ఇస్త్రీ, బజారూ అతనివే. "జిరాక్స్ తీసేవాణ్ణి నాకేం తెలుసుగానీ, ఒరిజినల్ అడిగినచోట ఒరిజినలే ఇవ్వాలి."

ఆమె సరేనంది. నిజంగానే సరేననుకుంది.

కానీ తనిఖీ అన్న మాట వింటే టీచరమ్మకు లోపల ఇంకో పిల్ల కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆమెకు అప్పటికి కిటుకులేం తెలీవు. అతను చివరి బెంచీలోని ఒక పిల్లను లేపి ఎక్కం అడిగాడు. పిల్ల నోరు పెగల్లేదు. బెంచీ ఎక్కి నిలబడమన్నాడు. గంట కొట్టేదాకా నిలబడింది. మర్నాటి నుంచి బడికి రాలేదు. టీచరమ్మ ఇంటికి వెళ్లి బతిమాలినా రాలేదు.

అప్పుడే ఆ బడి పెద్దసారు ఆమెను పిలిచి కిటుకు చెప్పాడు. "చూడమ్మా, ఇన్‌స్పెక్టరు సాయంత్రానికి పోతాడు, పిల్లే మిగులుతుంది. పరాయివాడి ముందు దాని పరువు తియ్యొద్దు. అడగబోయే పాఠం ముందురోజే చెప్పెయ్. అందర్నీ చెయ్యెత్తమను. వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. నువ్వు కుడిచేతుల్నే లేపు. ఆయనా సంతోషిస్తాడు, పిల్లా బతికిపోతుంది." ఆ తర్వాత ఎన్ని తనిఖీలు వచ్చినా ఆమె తరగతిలో ఏ పిల్లా బెంచీ ఎక్కలేదు. అది మోసమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. పెళ్లివారొస్తుంటే ఇల్లు సర్దుకోమా, అంతే కదా అనేది.

పరిశీలకురాలు రావడానికి ముందురోజు, పాత పాఠమే ఒకసారి తిరగేద్దామని భిన్నాల గుణకారం అడిగింది. సగం మంది తప్పు చెప్పారు. వారం కిందట గడగడా చెప్పిన లెక్కలే. వాగుడుకాయ అయితే, "నాకేమీ గుర్తులేదు టీచర్, రేపు కూడా గుర్తుండదేమో," అని పకపకా నవ్వాడు. వాళ్లందరూ నవ్వారు. టీచరమ్మకు నవ్వు రాలేదు. రేపు ఆవిడ ముందు వీడు ఈ మాటే అంటే? షాపు గుర్తొచ్చింది, రాజీనామా గుర్తొచ్చింది, బెంచీ మీద నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. రూల్సు మాస్టారు మాత్రం గుర్తు రాలేదు.

వెళ్లి తలుపు వేసింది.

బల్లకు రెండు చొప్పున రిబ్బన్లు తీసింది. ఒకటి ముప్పావు మీటరు, ఒకటి అర మీటరు. ఈ ముప్పావులో అలాంటి అరలు ఎన్ని పడతాయో కొలిచి చూడమంది. పిల్లలు బల్లల మీద పరిచి కొలిచారు. ఒకటి పడుతుంది, ఇంకా కొంచెం మిగులుతుంది. ఆ మిగిలింది అరలో సగం. ఒకటిన్నర. రిబ్బను మడిచి మడిచి అందరికీ అర్థమయ్యేదాకా చెప్పింది. అంత చక్కగా పాఠం వచ్చిన రోజు ఆ సంవత్సరంలో ఇంకోటి లేదు. ఆ తర్వాత చేతుల సంగతి చెప్పింది. రేపొక ఆవిడ వస్తుంది, నేనేం అడిగినా అందరూ చెయ్యెత్తాలి, వచ్చినవాళ్లు కుడి, రానివాళ్లు ఎడమ, ఇది మన మధ్య రహస్యం. పిల్లలకు భలే ఆటైపోయింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ చేతులెత్తి దించి ఒకటే కేరింతలు.

ఒక్క వాగుడుకాయ అడిగాడు. "తెలీదని చెబితే ఏమవుతుంది టీచర్?"

"కొత్తవాళ్ల ముందు చిన్నతనం కదూ," అంది టీచరమ్మ.

వాడు కాసేపు ఆలోచించాడు. ఆ సంగతి అంతకుముందు వాడికెవరూ చెప్పినట్టు లేదు.

మర్నాడు వచ్చిన పరిశీలకురాలు బక్కపల్చని మనిషి, భుజాన గుడ్డసంచి, కాళ్లకు చప్పుడు చెయ్యని బూట్లు. హెడ్మాస్టరు పెద్ద కుర్చీ తెప్పిస్తానన్నా వద్దని, వెనక మూల పిల్లల కురచ కుర్చీలోనే మోకాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. పిల్లల్ని చూసి చేయి ఊపింది. ఇన్‌స్పెక్టరులాగా లేదు, పక్కింటామెలాగా ఉంది. టీచరమ్మకు కొంత ధైర్యం వచ్చింది.

పాఠం మొదలైంది. రిబ్బను తీసింది. మొదటి ప్రశ్నకు చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి, చేను కోతకొచ్చినట్టు. టీచరమ్మ కుడిచేయి ఒకటి చూసి లేపింది. జవాబు టక్కున వచ్చింది. రెండో ప్రశ్న, మళ్లీ అన్ని చేతులు, మళ్లీ టక్కున జవాబు. వెనక కలం కదులుతున్న చప్పుడు. ఎడమ చేతులు అయిదారు ఉన్నాయి. వాగుడుకాయది ఎడమే, బుద్ధిగా ఎత్తి పట్టుకున్నాడు. వాడి మీంచి ఆమె చూపు ప్రేమగా దాటిపోయింది.

కిటికీ పక్క కూడా ఎడమ చెయ్యి ఒకటి లేచి ఉంది.

అయ్యో, ఈ పిల్లకేమైంది, నిన్న అందరికన్నా ముందు చెప్పింది ఇదే కదా అనుకుంది టీచరమ్మ. రాత్రికి రాత్రి మరిచిపోయిందా, ఒంట్లో బాగాలేదా. సరేలే, ఇబ్బంది పెట్టకూడదని ఇంకొకరిని లేపింది. మూడో ప్రశ్నకూ ఆ చెయ్యి లేచింది. నాలుగో ప్రశ్నకు పిల్ల కుర్చీలోంచి సగం లేచి, చెయ్యి జెండాలా ఊపింది. అరచేతి అంచున నీలం సిరా స్పష్టంగా కనబడుతోంది. సంవత్సరమంతా చూసిన సిరా అది. ఆ నిమిషాన మాత్రం టీచరమ్మకు కనబడింది సిరా కాదు, ఎడమ చెయ్యి. మతి పోవడమంటే అదే.

"కిటికీ దగ్గర అమ్మాయిని ఒకసారి అడుగుతారా?" అంది వెనక నుంచి పరిశీలకురాలు, మెల్లగా.

పరాయి మనిషి ఎదుట ఆ పిల్ల నోరు పెగలకుండా నిలబడటం టీచరమ్మ కళ్లకు కట్టింది. "పరవాలేదమ్మా, చెయ్యి దించు," అంది, ఎంతో లాలనగా. "నువ్వు తర్వాత చెబుదువుగాని."

పిల్ల కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. "నాకు వచ్చు టీచర్. నిజంగా వచ్చు."

"వస్తే మీ టీచరు అడగొచ్చుగా," అంది పరిశీలకురాలు, నవ్వుతూనే.

"ఎడమ చెయ్యి ఎత్తితే రానట్టు," అంది పిల్ల, గబగబా, టీచరు తప్పేం లేదని చెప్పాలన్న తొందరలో. "నిన్న పాఠం చెప్పాక చెప్పారు. నేనే మరిచిపోయి నా చెయ్యి ఎత్తేశాను. తప్పు నాది. జవాబు ఒకటిన్నర."

ఒప్పే. ఒకటిన్నర సరైన జవాబే.

గదిలో చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. వెనక మూల కలానికి మూత పెట్టిన చప్పుడు వినబడింది. పరిశీలకురాలు ఇంకేమీ అడగలేదు. పిల్లల్ని ఏమీ అనలేదు. పాఠం పూర్తిచెయ్యమంది. టీచరమ్మ రిబ్బను పట్టుకుని ఏదో చెబుతూ పూర్తిచేసింది. ఏం చెప్పిందో ఆమెకు తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు.

హెడ్మాస్టరు గదిలో మంచినీళ్ల మిషను పక్కన ముగ్గురూ కూర్చున్నారు.

"మీ రిబ్బను పాఠం బాగుంది," అంది పరిశీలకురాలు. "నేను చూసినవాటిలో మంచిదే. ఎవరో ఇద్దరు తప్పు చెప్పి, మీరు దిద్ది ఉంటే ఈపాటికి సంతకం పెట్టేసేదాన్ని."

"పిల్లలకు మీ ముందు తలవంపులు రాకూడదని చేశానండి," అంది టీచరమ్మ. "నాకోసం కూడా. అబద్ధం చెప్పను, నాకోసమూ చేశాను. కానీ వాళ్ల కోసం కూడా."

ఆవిడ కాగితాల మీంచి తలెత్తింది. "తెలీదని చెప్పడం తలవంపులని వాళ్లకు ఎవరు చెప్పారు?"

నిన్న తలుపు వేసి తనే చెప్పింది. టీచరమ్మ తల వంచుకుంది. మిషనులో నీళ్లు బుడబుడమన్నాయి. హెడ్మాస్టరు లేచి ఆమెకు గ్లాసుతో నీళ్లిచ్చాడు. పాపం, ఆయనకు ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఆ సాయంత్రం రూల్సు మాస్టారు మెట్లు దిగి వచ్చాడు. కబురు విని కుర్చీ అంచున కూర్చున్నాడు. నిబంధనలన్నీ తెలిసిన మనిషికి ఆ రోజు నిబంధన చెప్పడానికి నోరు రాలేదు.

"చెప్పండి మాస్టారూ. మళ్లీ ఒకసారి పాఠం చెప్పనిస్తారా?" అని ఆమే అడిగింది.

"పాఠం బాగా చెప్పలేక ఫెయిలయ్యారనుకోండమ్మా, ఇంకో అవకాశం ఉంటుంది. పర్మిట్టు కూడా పొడిగిస్తారు. మా బడిలో ఒకాయన మూడుసార్లు ఫెయిలై నాలుగోసారి పాసయ్యాడు."

"మరి?"

"ఇది ఫెయిలు కాదు. తరగతిని ముందే తయారుచెయ్యడం కిందికొస్తుంది. దానికి రెండోసారి లేదు."

టీచరమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. అంటే తలుపు వెయ్యకుండా ఉంటే, పిల్లలందరూ తప్పులు చెప్పి ఉంటే, వాగుడుకాయ పకపకా నవ్వి ఉంటే, తను నోరెండిపోయి బోర్డు ముందు నిలబడిపోయి ఉంటే కూడా, ఈ ఉద్యోగం ఉండేది. ఆమె దేనికి భయపడి ఇదంతా చేసిందో అది జరిగినా ఏమీ కాకపోయేది. ఇది తెలిశాక ఆమె ఏడ్చింది. అప్పటిదాకా కళ్లలో నీళ్లు రాలేదు.

మాస్టారు వెళ్లాక చూస్తే మొగుడు ఇస్త్రీ చేస్తున్నాడు. చేసిన చొక్కానే మళ్లీ చేస్తున్నాడు. రేపు బడిలో ఎలాగూ పాఠం లేదు.

"మీరైనా తిట్టండి," అంది.

"నాకు ఆ అర్హత లేదు టీచరమ్మా. పరీక్ష రాయలేదు," అన్నాడు. తర్వాత ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి అన్నాడు, "బస్టాండు పక్కన కాకపోతే కోర్టు పక్కన షాపు చూసుకుందాం. కాగితాలు ఎక్కడైనా కావాలి."

ఆమెకు ఆ మాట ఊరట అనిపించలేదు. అతనికీ అనిపించలేదని అతని గొంతే చెప్పింది. రెంటికీ చెడ్డ రేవడి అని అత్తగారు ఎవరినో అంటుండేది. ఆ మాట తమను వెతుక్కుంటూ ఇంత దూరం వస్తుందనుకోలేదు. అప్పీలు పెట్టారు. హెడ్మాస్టరు మంచి మాటలు రాసి జతచేశాడు. తిరగొట్టారు. పాత బడికి ఫోను చేస్తే, ఆమె స్థానంలో ఎవరో చేరి కూడా ఏడాది కావస్తోందని, రాజీనామా అంటే రాజీనామానేనని మర్యాదగానే చెప్పారు.

బడి మూసేదాకా జీతం ఇవ్వాలి గనక రోజూ రమ్మన్నారు. పాఠం చెప్పకూడదు. తరగతిలో కూర్చుని, కొత్త టీచరుకు కావలసింది అందించవచ్చు. పాఠం జరుగుతున్నప్పుడు పిల్లలతో మాట్లాడకూడదు. కొత్త టీచరు లైసెన్సున్న కుర్రాడు, ఉత్సాహవంతుడు. ఆమెకు నమస్కారం పెట్టి, వెనక మూల కురచ కుర్చీ చూపించాడు. పరిశీలకురాలు కూర్చున్న కుర్చీయే. టీచరమ్మ మోకాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది.

కొత్త టీచరు బోర్డు మీద ఒక లెక్క వేసి, "ఎవరు చెబుతారు?" అన్నాడు.

చేతులన్నీ లేచాయి. కొన్ని కుడివి, కొన్ని ఎడమవి.

ఎవరూ చెప్పమనలేదు. రహస్యం బయటపడి ఇన్నాళ్లయినా, కొత్తవాడి ముందు చిన్నతనమని వాళ్లకు గుర్తుంది. సంవత్సరంలో ఆమె చెప్పిన పాఠాల్లో ఒక్క పిల్లా మరిచిపోని పాఠం అదొక్కటే.

"అబ్బో, అందరికీ వచ్చే," అన్నాడు కొత్త టీచరు సంబరంగా, వాగుడుకాయ వైపు చూపిస్తూ. "నువ్వు చెప్పు."

వాగుడుకాయది ఎడమ చెయ్యి. చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది. "నాకు తెలీదు, మళ్లీ చెప్పండి" అని బల్ల మీద దరువేసే పిల్లాడు నోరు తెరిచి మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. మెడ తిప్పి వెనక టీచరమ్మ వైపు చూశాడు, మీరు చెప్పినట్టే ఎత్తానుగా, నన్నెందుకు లేపారన్నట్టు.

"చెప్పు నాన్నా, చెయ్యెత్తావుగా," అన్నాడు కొత్త టీచరు. వాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. బెంచీ ఒక్కటే తక్కువ.

టీచరమ్మ చూడలేక కిటికీ వైపు తిరిగింది. అక్కడ ఒక్క పిల్ల మాత్రం చెయ్యి ఎత్తలేదు. పుర్రచేతి పిల్ల రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని ఉంది. బోర్డు మీది లెక్క ఆ పిల్లకు వచ్చు. పెదవులు కదులుతున్నాయి, జవాబు లోపల చెప్పుకుంటోంది. చేతులు మాత్రం బయటికి తియ్యడం లేదు.

ఎత్తు తల్లీ, నీ చెయ్యి అదే, అదే ఎత్తు అని ఒక్క మాట టీచరమ్మ గొంతుదాకా వచ్చింది. మాట్లాడకూడదు. ఆమె తన చెయ్యి పైకెత్తింది, కొత్త టీచరును అనుమతి అడగడానికి. అతను చూశాడు. చూసి, క్షమించండి అన్నట్టు చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపాడు. అతని తప్పేం లేదు, నిబంధన అది.

టీచరమ్మ చెయ్యి దించేసింది.

పుర్రచేతి పిల్ల అప్పటికే వెనక్కి తిరిగి చూస్తోంది. టీచరమ్మ చెయ్యి ఎత్తడం చూసింది, దించడం చూసింది. చూసి ముందుకు తిరిగి, తన చేతులు తొడల కిందికి ఇంకొంచెం తోసుకుని కూర్చుంది.